జీర్ణవాహనోద్ధరణము

క్రొత్త చెఱువును త్రవ్వించుటకంటె పూడిన చెఱువును బాగుచేయించుట మేలనియు, నూతన దేవాలయమును కట్టించుటకంటె జీర్ణాలయమును నిలువబెట్టుట యధికపుణ్యమనియు మన పెద్దలు చెప్పుచు వచ్చిరి. ఈ మాట రాతికిని మన్నునకును మాత్రమే చెల్లునా, ఇనుమునకు గూడ చెల్లునా యని నేనిప్పుడు విచారింపదలచితిని. విషయము మిక్కిలి సామాన్యమైనది. పశువులశాలలో ఏండ్లతరబడి దుమ్ముపట్టి పడియున్న పాత మోటారుసైకిలును స్వల్పవ్యయముతో మరల నడుచునట్లు చేయవచ్చునా? చేయవచ్చునేని చేయవలయునా? చేయునప్పుడు మనము ఎవరికి బాధ్యులము? మొదటి ప్రశ్నకు మెకానిక్కు ఉత్తరము చెప్పగలడు. తక్కిన రెండింటికిని గృహస్థుడే ఉత్తరము చెప్పుకొనవలయును.

అనకాపల్లి బెల్లమునకు ప్రసిద్ధి కెక్కిన పట్టణము. చుట్టుప్రక్కల చెఱకు పండించు గ్రామములనుండి బెల్లపుదిమ్మలు ఈ యంగడికి వచ్చును. 1913లో ఇచ్చట స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధనస్థానము శతాబ్దమునకు మించి చెఱకుపై కృషి చేయుచున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి ఈ పట్టణము జిల్లాకేంద్రము కూడ నైనది. ఈ ప్రాంతపు రైతు మరమ్మతు నెఱుగనివాడు కాడు. గానుగరోళ్ళు అరిగినచో లేతు పట్టించును. బెల్లపు పెనమునకు చిల్లుపడినచో అతుకు వేయించును. పాఱకు క్రొత్త కఱ్ఱ తొడుగును. ఇట్టివాని యింటనే తండ్రి నడిపిన మోటారుసైకిలు మాత్రము కోళ్ళకు గూడై, గడ్డిమోపులకు దండెమై పడియుండుట చూచుచున్నాము. అది పాత యినుపకొట్టునకు పోదు, వీథిలోనికిని రాదు. అమ్ముటకు మనసొప్పదు, బాగుచేయుటకు పూనిక లేదు. ఈ రెండింటి నడుమ వస్తువులే కాదు, మన యాచారములు కూడ ననేకములు పడియున్నవి గాని, ఆ ప్రసంగము ప్రస్తుతము వలదు.

ఇట్టి బండ్లిన్ని యేల మూలబడినవో తెలిసికొనుట యవసరము. మద్రాసునగరసమీపమున తిరువొత్తియూరులో బుల్లెట్టుబండ్లను చేసిన ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ 1955లో పుట్టినది. మైసూరులో 1960లో ఏర్పడిన ఐడియల్ జావా సంస్థ జావాబండ్లను, 1973 మొదలుకొని యెజ్డీ పేరుగల బండ్లను చేసి 1996లో మూతపడినది. ఎస్కార్ట్సువారి రాజదూత్ పల్లెల మట్టిబాటలకు అలవాటుపడి పాలక్యానులను, ఎరువుబస్తాలను మోసినది. 1985లో హీరోహోండావారి సి.డి. 100 వంటి నాలుగుస్ట్రోకుల చిన్నబండ్లు వచ్చి, అంతే పెట్రోలుతో చాల యెక్కువ దూరము పోసాగినవి. అంతట పెద్దబండ్లు ఒక్కొక్కటిగా గోడవారకు జేరినవి. మఱికొన్నింటికి, చేసిన కర్మాగారములే మూతపడుటచే, విడిభాగములు దొరకుట కష్టమైనది. కావున మూలబడిన ప్రతిబండియు చెడినబండి కాదు. కాలము మాఱుటచే గెంటివేయబడినదియు కావచ్చును.

నా యనుభవమునే చెప్పెదను. మా తండ్రిగారు 1978లో కొన్న రాజదూత్ వారి యనంతరము మా గ్రామములోని యింటి సావిడిలో పదునాలుగేండ్లు కదలక యుండెను. మా మేనల్లుడు కళాశాలలో జేరినప్పుడు, "మామయ్యా, క్రొత్తబండికి అప్పు చేయుటకంటె తాతగారి బండిని బాగుచేయింతము" అనెను. అతని మాట నాకు నచ్చినది. మా గృహిణి మాత్రము పదునైదువేల రూపాయలకు మించరాదని గీత గీసి, లెక్క వ్రాయుటకు ఒక పుస్తకము నిచ్చినది. అద్దానిలో పయిమొత్తమేకాక, ఏది ముందు ఏది వెనుక యను వరుస కూడ వ్రాయుమని యామె కోరినది. ఆ కోరికలోని వివేకము నాకు తరువాత గాని తెలియలేదు.

పట్టణములో ఒక వృద్ధమెకానిక్కు మాకు దొరకెను. అతడు బండిని చూచినవెంటనే కిక్కురాడ్డును త్రొక్కబోయిన నన్ను వారించెను. చిరకాలము కదలని యింజనులో పిస్టను సిలిండరుగోడకు తుప్పుతో నంటుకొని యుండవచ్చును. బలవంతముగ త్రొక్కినచో రింగులు విఱుగును. కావున ప్లగ్గును విప్పి, ఆ రంధ్రములో కొంచెము నూనె పోసి, రెండుదినములు నాననిచ్చి, తరువాత మెల్లగా త్రిప్పవలయును. ట్యాంకులోని పాతపెట్రోలు జిగురై, వార్నిషువలె గట్టిపడి యుండును. దానిని పాఱబోసి, గులకరాళ్ళు వేసి కుదిపి తుప్పును రాల్చి, కడిగి, బాగుగ నారబెట్టవలయును. కార్బురేటరులోని జెట్లను ఇనుపతీగతో పొడువరాదు; వెండ్రుకవాసి రంధ్రము పెద్దదైనను పెట్రోలు పాళ్ళు తప్పును. గాలితో ఊది శుభ్రపఱచిన చాలును. పాయింట్లకు సుమారు 0.4 మిల్లీమీటరు, ప్లగ్గునకు సుమారు 0.6 మిల్లీమీటరు ఎడముండవలయును. ఎలుకలు కొఱికిన తీగలను అతుకులతో గాక మొత్తముగ మార్చుట మేలు. రెండుస్ట్రోకుల యింజనులలో క్రాంకునకు ఇరువైపుల నుండు రబ్బరుసీళ్ళు ఎండి బీటలువాఱును. అచట గాలి చొరబడినచో ఇంజను నిలుకడగా నడువదు. పెట్రోలులో నూనె కలుపుట మఱచినచో నాలుగుమైళ్ళలోనే పిస్టను పట్టుకొనిపోవును.

వీనిలో పెద్ద వ్యయమునకు పాలుపడునవి కొన్నియే. కడుగుట, తోముట, విప్పుట, వరుసతప్పక బిగించుట యనునవి యింటివారు చేసికొనదగిన పనులు. విప్పిన ప్రతిభాగమును వేఱువేఱు డబ్బాలలో పెట్టి, పేరు వ్రాసినచో మెకానిక్కునకు కాలము కలిసివచ్చును. దొరకని భాగములకు విశాఖపట్టణము, విజయవాడలలోని ఆటోనగరులలో వెదుకవచ్చును. మద్రాసులో పుదుపేట పాతభాగముల యంగళ్ళకు పేరుపొందినది. అయినను చౌకగా దొరకినదంతయు చౌక కాదు. రసీదు లేక, వచ్చినచోటు చెప్పలేని అంగడిలో కొన్న కార్బురేటరు వేఱొకని వాకిట రాత్రివేళ మాయమైనది కావచ్చును. అట్టి లాభము దొంగతో పొత్తే యగును.

మూడువారములకు బండి పలికెను. ఆ ధ్వని వినగానే మా యమ్మగారు వంటయింటినుండి బయటకు వచ్చి, గడపయొద్ద నిలిచి, మాటాడక చూచుచుండిరి. నాకంతకంటె వేఱు కూలి యక్కఱలేకపోయెను. అప్పటికి లెక్కలో నాలుగువేలు మిగిలెను. మెకానిక్కు వెనుకచక్రపు బ్రేకుషూలను చూపి, "లైనింగు అద్దమువలె నున్నబడినది, కేబులు పోగులూడుచున్నది, ఇవి మార్చవలయును" అనెను. నేను "ముందు రంగు వేయింతము, అవి పైనెలలో చూతము" అంటిని. ట్యాంకునకు ఎఱ్ఱరంగు, నల్లగీత, తండ్రిగారి నాటి యక్షరములు ఎట్లుండెనో అట్లే వేయించితిని. లెక్కపుస్తకమును చూచి మా గృహిణి యొకమాట యనినది: "రంగు నలుగురకు కనబడును, బ్రేకు ఎవరికిని కనబడదు. అందుచేతనే మీరు దానిని వెనుకకు నెట్టితిరి." నేను నవ్వి యూరకుంటిని.

పదిదినముల పిమ్మట ఒక ఉదయమున వంతెన దిగుచుండగా, ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకొని ఒక వృద్ధురాలు రోడ్డు దాటుచుండెను. వేగము చాల తక్కువ. నేను బ్రేకును త్రొక్కితిని. బండి మాత్రము తన దారిని తాను పోయెను. గంప దొర్లెను, ఆమె మోకాలిపై పడెను. నేను భయముతో వణకుచు లేవదీయగా, ఆమె నన్ను తిట్టలేదు. బండివంకను, నావంకను చూచి, "బండికి నడక నేర్పినావు గానీ, ఆగడం నేర్పనేదేటి బాబూ?" అని యడిగినది. ఎముక విఱుగలేదని వైద్యులు చెప్పిరి గాని, ఆఱుదినములు ఆమె కూరలమ్మకొనలేకపోయెను. ఆ దినముల రాబడిని మాత్రము పుచ్చుకొని, అంతకుమించి యొక్కరూపాయి కూడ వలదనినది. ఆమె న్యాయబుద్ధి నన్ను తిట్టుటకంటె నెక్కువగా బాధించినది.

ఆ దినమునుండి పొదుపను మాటను నేను మరల నేర్చుకొనవలసివచ్చినది. బ్రేకుషూల జత కొన్నివందల రూపాయల వస్తువు. ఆ వందలను నేను మిగిల్చితినని తలచితిని. నిజమునకు మిగులలేదు. ఆ వ్యయము నా సంచినుండి లేచి, నేనెఱుగని యొక వృద్ధురాలి మోకాలిపై కూర్చున్నది. ఖర్చు తగ్గుట వేఱు, ఖర్చు స్థలము మాఱుట వేఱు. మన గృహములలో పొదుపని మెచ్చుకొనబడునవి యనేకము ఈ రెండవజాతివి. పనిమనిషి జీతమును నెలాఖరునకు కోసి మిగిల్చినది పొదుపు కాదు. మురుగును ప్రక్కవాని వాకిటికి మళ్ళించి కాలువ త్రవ్వించు వ్యయమును తప్పించుకొన్నది పొదుపు కాదు. తన సుఖములో కొంత తగ్గించుకొని మిగిల్చినదే పొదుపు. ఇతరుల క్షేమమును తగ్గించి మిగిల్చినది ఋణము. ఋణదాత యొప్పుకొనక తీసికొన్న ఋణమునకు మఱియొక పేరు కలదు. దానిని పాఠకులే యూహింపగలరు.

ఇది మా యొక్క యింటి చిన్నకథ మాత్రమే కాదు. భారతదేశమున 2022వ సంవత్సరములో రహదారులపై 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్క. అందు నూటికి నలుబదినలుగురకు పైగా ద్విచక్రవాహనములపై నుండినవారే. బండి వేగము రెండింతలైనచో, బ్రేకు పట్టిన పిమ్మట ఆగుటకు వలయు దూరము నాలుగింతలగును. ఇది ప్రకృతిధర్మము, బండి పాతదని జాలిపడి అది సడలదు. పాతటైరు ప్రక్కన వ్రాసియున్న నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును చెప్పును. గాళ్ళు లోతుగనే యున్నను, రబ్బరు ఎండి బీటలువాఱినచో ఆ టైరు నమ్మదగినది కాదు. ఈ సంగతి యెఱిగియు కండ్లు మూసికొనుట యజ్ఞానము కాదు, అపరాధము.

ఇచట నొక న్యాయమైన ఆక్షేపణ కలదు. "ధనవంతుడు అన్నియు మార్పించుకొనును. బీదవాడేమి చేయును? ఇరువదిమైళ్ళ దూరములోని కూలికి పోవలసినవానిని, బ్రేకు క్రొత్తది కాదని యింట కూర్చుండుమందురా?" అని యడుగవచ్చును. ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. నా యుత్తర మిది: బీదతనము వరుసను మార్పదు, వరుస యవసరమును పెంచును. చేతిలో తక్కువ ధనమున్నవానికే ఏది ముందో తెలియుట ముఖ్యము. తనకు మాత్రమే కష్టము కలిగించు లోపములను వాయిదావేయు హక్కు ప్రతివానికి కలదు: చిరిగిన సీటు, పోయిన రంగు, మోగని స్పీడోమీటరు, రెండుమూడుసారులు త్రొక్కిన గాని మేలుకొనని యింజను. ఎదుటివానికి కీడు చేయు లోపములను వాయిదావేయు హక్కు ఎవరికిని లేదు: బ్రేకు, టైరు, దీపము, హారను, హ్యాండిలులోని గుండ్లు, చక్రముల బేరింగులు. వెనుకసీటుపై కూర్చుండు భార్యయు, ట్యాంకుపై కూర్చుండు బిడ్డయు గూడ ఈ "ఎదుటివారి"లోనివారే. వారు మనలను నమ్మి కూర్చుందురు. నమ్మినవాని యపాయము మన సొత్తు కాదు. కావున ముందు ఆగుట, తరువాత కనబడుట, ఆపై నడచుట, చివర మెఱయుట. నేను తలక్రిందుగ చేసిన వరుస యిదియే.

పాతబండిని నిలుపుటకు ధనమే కారణమైనచో ఇంత చర్చ యక్కఱలేదు. ప్రేమ కూడ కారణమగుచున్నది. "ఇది మా నాన్నగారి బండి" యని నేను పదిమందితో చెప్పితిని. అయితే దాని పిస్టను క్రొత్తది, టైర్లు క్రొత్తవి, తీగలు క్రొత్తవి, రంగు క్రొత్తది. ఇక తండ్రిగారి బండి యెచట నున్నది? మా పట్టణమునకు సమీపమున శంకరమువద్ద బొజ్జన్నకొండపై ప్రాచీన బౌద్ధక్షేత్రము కలదు. ఆ బౌద్ధులకు మాన్యమైన మిళిందపన్హమను పాళీగ్రంథమున నాగసేనుడను భిక్షువు యవనరాజునకు రథమునే యుదాహరణముగ చూపి, చక్రము రథము కాదనియు, ఇరుసు రథము కాదనియు, వీని కూడికకే రథమను పేరనియు బోధించినట్లున్నది. మన రవాణాశాఖవారు ఇంత సూక్ష్మమునకు పోరు. చాసిస్‌పై కొట్టిన అంకెలు సి బుక్కులోని యంకెలతో సరిపోయినచో అది యదే బండి. ఈ రెండుత్తరములును నాకు చాలలేదు. బండి ఇనుములో గాని అంకెలో గాని లేదు. దానిపట్ల మనము జరుపు నడవడిలో నున్నది. మా తండ్రిగారు ప్రతి ఆదివారమును చైనునకు నూనె పెట్టి, బ్రేకును సరిచూచి, తరువాతనే బయలుదేరెడివారు. నేను వారి రంగును నిలిపితిని, వారి యలవాటును విడిచితిని. కావున ఆ పదిదినములును నేను నడపినది వారి బండి కాదు. పితృభక్తికిని ఇదియే పరీక్ష యని తోచుచున్నది. వారి పటమునకు దండ వేయుట సులభము. వారి జాగ్రత్తను నేర్చుకొనుట కష్టము.

ఇక పాతదానిని నిలుపుటయే యన్నివేళల ధర్మమా? కాదు. రెండుస్ట్రోకుల యింజను నూనెను కాల్చి నీలిపొగ విడుచును. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణములు వచ్చినవి. నేటి బండ్ల పొగతో మన పాతబండి పొగను పోల్చలేము. ప్రతిదినము నలుబదిమైళ్ళు తిరుగవలసినవాడు దానిపై తిరుగుట పొరుగువాని యూపిరితిత్తులపై ఖర్చు వ్రాయుటయే. వారమున కొకసారి అంగడికి పోయివచ్చుటకైనచో, కదలక యున్న యినుమును కరగించి క్రొత్తబండిని చేయుటకంటె ఇది తక్కువ నష్టమే కావచ్చును. పెట్రోలు కూడ మాఱినది. చెఱకుమడ్డినుండియు ధాన్యమునుండియు తీసిన ఇథనాలును నూటికి ఇరువదిపాళ్ళు కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతట వ్యాపించెను. అది గాలిలోని తేమను పీల్చును. పాతకాలపు రబ్బరుగొట్టములను, వాషర్లను మెత్తపఱచును. మన పొలముల చెఱకే మన పాతబండికి పథ్యము కాకపోవుట చిత్రమే గాని, దాని కుపాయము కలదు: ఆ గొట్టములను నేటి పెట్రోలునకు తగినవానితో మార్చుట, ట్యాంకులో పెట్రోలును నెలలతరబడి నిలువయుంచకుండుట.

చట్టమును కూడ లెక్కలో చేర్చవలయును. 1988 నాటి మోటారువాహనముల చట్టము ప్రకారము ద్విచక్రవాహనపు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆపై తనిఖీ చేయించి ఐదేసియేండ్లకు పొడిగించుకొనవలయును. ఈ పొడిగింపు రుసుము 2022లో 300 రూపాయలనుండి 1,000కి పెరిగినది. ఇరువదియేండ్లు దాటిన మోటారుసైకిళ్ళకు 2025లో 2,000 అయినది. మూడవపక్షమునకు భీమా లేక రోడ్డెక్కరాదు. కొందఱు దీనినంతయు ప్రభుత్వపు పీడనగా తలంతురు. కాని మూడవపక్షమనగా ఎవరు? ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకొన్న యా వృద్ధురాలే. ఆమె పేరున మనము ముందుగా కట్టి యుంచు ధనమే భీమా. ఇవన్నియు కూర్చిచూచిన పిమ్మట, ఫ్రేము తుప్పుతో చిల్లులువడి యుండుటచే గాని, బ్రేకుభాగములు దొరకకపోవుటచే గాని బండి సురక్షితము కాదని తేలినచో, దానిని విధియుక్తముగ రద్దుచేయించి విడుచుటయే మేలు. ప్రేతమునకు చికిత్స చేయుట వైద్యము కాదు.

ఈ ప్రసంగములో మఱువరానివాడొకడున్నాడు. వాడు మెకానిక్కు. స్వల్పవ్యయమని మనము చెప్పుకొనునది తఱుచుగా అతని కూలిని కోయుటతోనే ప్రారంభమగును. క్రొత్తబండి దుకాణములో చెప్పిన ధరను మాఱుమాటాడక చెల్లించువాడు, చెట్టుక్రింద కూర్చుండి మూడుగంటలు చేతులు నలుపుచేసికొన్నవానితో యాబది రూపాయలకు వాదించును. గ్రంథము చదువుట విద్య, గ్రీజులో వ్రేళ్ళు ముంచుట కూలి యను భేదము మన చదువుకొన్న గృహములలో నేటికిని పోలేదు. పాయింట్ల యెడమును వ్రేలిస్పర్శతో నెఱుగువాని జ్ఞానము పరీక్షలకెక్కని కారణముచే జ్ఞానము కాకపోదు. అట్లే, దుకాణములో పాన్నా లందించు పసివాని చౌకతనము మన బిల్లులో చేరియున్నదేమో చూడవలయును. పదునాలుగేండ్లు నిండనివానిని పనిలో పెట్టరాదని 2016లో సవరింపబడిన చట్టము చెప్పుచున్నది. అట్టి చేతులు తోమిన బండి యెంత మెఱసినను శుభ్రమైనది కాదు. ఇక మన బాలికల మాట. మా మేనల్లుడు బండిని విప్పుచుండగా మా కుమార్తె దీపము పట్టుకొని నిలుచుండెను. "దీపము పట్టుటేనా నా పని?" యని యామె యడిగిన నాటినుండి పాన్నా యామె చేతికి వచ్చినది. నేడు మా యింట బ్రేకు బిగించుటలో ఆమెయే నిపుణురాలు.

పాఠకమహాశయులారా, మీ యింటి సావిడిలో గూడ నొక పాతబండి యుండవచ్చును. దానిని లేపదలచినచో, ముందు రంగులవాని యింటికి పోకుడు. ఒక పుస్తకము తీసికొని, దానిపై వ్యయమును రెండు వరుసలుగ వ్రాయుడు: మన కొఱకు వేయునది యొకటి, ఇతరుల కొఱకు వేయునది రెండవది. రెండవవరుస పూర్తియైన పిదప మొదటిదానిలో ఎంత వీలైన నంతయే చేయుడు. మా రాజదూత్ ట్యాంకుమీద ఎఱ్ఱరంగు అప్పుడే అచ్చటచ్చట పెచ్చులూడుచున్నది. మరల వేయింపుమని మా మేనల్లుడు కోరుచున్నాడు. ఈ సంవత్సరమునకు ముందరిచక్రపు బ్రేకుకేబులు, వెనుకటైరు వ్రాయబడి యున్నవి. రంగు మఱుసటి యేటికి వాయిదా వేయబడినది. ఆ వృద్ధురాలు నేటికిని అదే వంతెనయొద్ద కూరలమ్ముచున్నది. మేము దిగివచ్చునప్పుడు ఆమె ముందు చక్రమువంక చూచి, తరువాత మా ముఖమువంక చూచును. ఆ చూపునకు జంకక ఆగగలిగిన దినమున గాని, మా తండ్రిగారి బండి యిల్లు చేరినదని నేను చెప్పుకొనలేదు.